ఇంటి మిషన్ మీద ఫ్రీ మోషన్ క్విల్టింగ్: ఏది ఎంచుకోవాలి, ఏది తర్వాత చూసుకోవచ్చు

ఇంట్లో ఉన్న కుట్టు మిషన్ మీదే బొంత పొరలు మూడూ కలిపి పట్టేలా (దీన్నే క్విల్టింగ్ అంటారు) తీగలు, మెలికలు, ఆకులు కుట్టుకోవాలనుకునేవాళ్ళకు మొదటి చిక్కు కుట్టులో రాదు, ఎంపికలో వస్తుంది. ఏ ఫుట్ (సూది దగ్గర బట్ట మీద ఆనే భాగం), ఏ సూది, ఏ దారం, సూది కింది పళ్ళు దించాలా వద్దా, అసలు ఈ మిషన్ సరిపోతుందా? పదిమందిని అడిగితే పది మాటలు చెబుతారు. ఎవరి మాటా అబద్ధం కాదు. వాళ్ళ మిషన్ వేరు, వాళ్ళు కుట్టే బొంత వేరు, అంతే.

ఇన్ని మాటల మధ్య నేను పట్టుకునే లెక్క ఒకటుంది. ఫ్రీ మోషన్‌లో బట్టను జరిపేది మిషన్ కాదు, మీ చేతులు. బట్ట జరగడానికి అడ్డుపడేదాన్ని ఏ వస్తువు తగ్గిస్తుందో అది ముందు కొనాలి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు. ఇలా చూస్తే ఖరీదైన వస్తువుల్లో చాలా భాగం జాబితా చివరకు పోతాయి.

వాకింగ్ ఫుటా, ఫ్రీ మోషనా?

మామూలు కుట్టులో సూది కింద ఉండే పళ్ళు, అంటే ఫీడ్ డాగ్స్, బట్టను వెనక్కి లాగుతాయి. పై బట్ట, మధ్యలో దూది పొర, అడుగు బట్ట కలిపి మూడు పొరలైనప్పుడు ఆ పళ్ళు అడుగు బట్టను ముందుగా లాగేస్తాయి, పై బట్ట వెనకబడుతుంది. గీత చివరికొచ్చేసరికి ముడత తేలుతుంది. వాకింగ్ ఫుట్‌కి పైన కూడా పళ్ళుంటాయి కాబట్టి పై బట్టా అడుగు బట్టా కలిసి నడుస్తాయి. నిలువు గీతలు, గళ్ళు, మెల్లగా వంపు తిరిగే అలలు దీంతో చక్కగా వస్తాయి. కానీ దిశ మారిన ప్రతిసారీ బొంత మొత్తాన్ని తిప్పాలి. పెద్ద దుప్పటంత బొంతను మిషన్ మెడ కింద నుంచి చుట్టి, తిప్పి, మళ్ళీ సర్దడం ఒకసారి చేసి చూస్తే చిన్న చిన్న పూలకు ఇది పనికిరాదని అర్థమైపోతుంది.

ఫ్రీ మోషన్‌లో పళ్ళ పని ఉండదు. ఫుట్ బట్టను నొక్కి పట్టుకోదు. సూది దిగినప్పుడు ఆనుతుంది, సూది లేస్తే తనూ లేస్తుంది. బట్టను ముందుకీ వెనక్కీ పక్కలకీ ఎటైనా జరపొచ్చు, బొంతను తిప్పక్కర్లేదు. కుట్టు పొడవు కూడా మిషన్ చేతిలో ఉండదు. కాలు ఎంత తొక్కారు, చెయ్యి ఎంత వేగంగా జరిపారు అన్న రెండూ కలిసి దాన్ని తేలుస్తాయి. అంగుళానికి 8 నుంచి 12 కుట్లు పడితే చూడ్డానికి బాగుంటుంది.

ముందు వాకింగ్ ఫుట్ బాగా వచ్చాకే ఫ్రీ మోషన్‌కి రావాలని చాలామంది చెబుతారు. నాకు ఈ మాట పూర్తిగా నచ్చదు. వాకింగ్ ఫుట్‌తో ఏడాది కుట్టినా, ఫ్రీ మోషన్‌కి కావాల్సిన కాలూ చెయ్యీ పొందిక రాదు, ఎందుకంటే అక్కడ ఆ పొందిక అవసరమే పడదు. వాకింగ్ ఫుట్‌ను మెట్టుగా కాక పనిముట్టుగా చూడండి. బొంత డిజైన్ గీతలు, చతురస్రాలు అయి, త్వరగా పూర్తిచేయాలంటే అదే చాలు. పువ్వులు, పక్షులు, వంపులు ఉన్న డిజైన్ అయితే ఫ్రీ మోషన్. పెద్ద బొంతకు రెండూ కలపడం అన్నిటికంటే మంచిది. ముందు వాకింగ్ ఫుట్‌తో అతుకుల గాడిలో కుట్టేసి పొరలు కదలకుండా బిగించండి. తర్వాత గళ్ళలో ఫ్రీ మోషన్‌తో నింపుకోవచ్చు.

చేత్తో కుట్టినదే అసలైన క్విల్టింగ్ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1989లో అమెరికాలోని పడూకా ఊళ్ళో జరిగిన బొంతల పోటీలో క్యారల్ బ్రయర్ ఫాలర్ట్ అనే ఆవిడ మిషన్ మీద క్విల్టింగ్ చేసిన బొంతకు పై బహుమతి వచ్చింది. ఆ చర్చ అక్కడితో తేలిపోయిందనే నా అభిప్రాయం.

పళ్ళు దించడం, మూయడం, వదిలేయడం

మూడు దారులున్నాయి. కొన్ని మిషన్లలో చిన్న మీట జరిపితే పళ్ళు కిందికి దిగుతాయి. ఆ మీట లేని మిషన్లకు పళ్ళ మీద బిగించే మూత ప్లేటు ఇస్తారు. ఈ రెండూ లేకపోతే కుట్టు పొడవు సున్నా పెట్టి పళ్ళను అలాగే వదిలేయొచ్చు. అప్పుడు పళ్ళు పైకీ కిందికీ ఆడతాయి గానీ బట్టను లాగవు.

పుస్తకం ప్రకారం దించడమే సరైనది. బట్ట తేలిగ్గా జరుగుతుంది. మూత ప్లేటు సూది దగ్గర బల్లను కొంచెం ఎత్తు చేస్తుంది కాబట్టి మందపాటి దూది పొర వేస్తే ఫుట్ కింద ఇరుకవుతుంది. మూడో దారిని చిన్నచూపు చూడకండి. పళ్ళు కొంచెం తగులుతూ ఉంటే చెయ్యి జారిపోకుండా ఆపుకోవడం సులువని భావించేవాళ్ళున్నారు. కొన్ని మిషన్లలో కుట్టు కూడా ఇలాగే బాగా పడుతుంది. ఒకే గుడ్డ మీద సగం పళ్ళు దించి, సగం సున్నాతో కుట్టి, వెనక్కి తిప్పి చూడండి. ఏది శుభ్రంగా ఉంటే అదే మీ మిషన్‌కి సరైనది.

మళ్ళీ మామూలు కుట్టుకు వచ్చినప్పుడు మీట జరపగానే పళ్ళు పైకి రాకపోవచ్చు. చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పితే వచ్చేస్తాయి. ఇది తెలియక మిషన్ పాడైందనుకుని మెకానిక్ దగ్గరికి మోసుకెళ్ళేవాళ్ళుంటారు.

ఫుట్ ఎంపిక

కొనేముందు మీ మిషన్‌ది ఏ రకం షాంకో, అంటే ఫుట్‌ను బిగించే కాడ ఏ రకమో చూసుకోండి: ‘లో’ షాంకా, ‘హై’ షాంకా, ‘స్లాంట్’ షాంకా అని. ఫుట్‌ను కింద ఆనించి, దాన్ని బిగించే మర వరకు కొలిస్తే సుమారు అర అంగుళం ఉంటే లో షాంక్, సుమారు అంగుళం ఉంటే హై షాంక్. ఇది తప్పితే ఎంత మంచి ఫుట్ అయినా పెట్టెలోనే ఉండిపోతుంది.

ఈ పనికి వాడేదాన్ని డార్నింగ్ ఫుట్ అంటారు. చిరుగులకు రఫు చేయడానికి వచ్చిన ఫుట్ ఇదే. ముందు భాగం పూర్తి వలయంలా మూసి ఉన్న రకం ఒకటి, ముందు తెరిచి ఉన్న రకం ఒకటి, వెడల్పాటి పారదర్శక ప్లాస్టిక్ రకం ఒకటి. మూసి ఉన్నది అతుకు అంచులకూ దారం ఉచ్చులకూ తగులుకోదు, కానీ సూది ఎక్కడ దిగుతోందో సరిగా కనిపించదు. తెరిచి ఉన్నదాంట్లో సూది కొన వరకు స్పష్టంగా కనిపిస్తుంది, కాకపోతే బట్ట మీద అతికిన ముక్కల అంచులు అప్పుడప్పుడు దాని మొనలకు తగులుకుంటాయి. ప్లాస్టిక్ వెడల్పు ఫుట్ మీద వలయాలు గీసి ఉంటే, వేసిన గీతకు సమానదూరంలో మరో గీత వేసుకోవడానికి పనికొస్తుంది. కొత్తవాళ్ళకు నేను తెరిచి ఉన్న లోహపు ఫుటే చెబుతాను. ఎక్కడికి వెళ్ళాలో కనిపించకపోతే చెయ్యి భయపడుతుంది.

రూలర్ ఫుట్, దానితో వాడే యాక్రిలిక్ అచ్చులు ఇప్పుడు బాగా నడుస్తున్నాయి. సూది నుంచి ఫుట్ అంచు వరకు సరిగ్గా పావు అంగుళం ఉంటుంది, అచ్చు అంచున ఫుట్‌ను ఆనించి నడిపిస్తే తిన్నటి గీత పడుతుంది. కానీ మామూలు డార్నింగ్ ఫుట్‌తో అచ్చులు వాడే ప్రయత్నం చేయొద్దు. ఫుట్ లేచినప్పుడు పలుచటి అచ్చు దాని కిందికి దూరితే సూది అచ్చుకు తగిలి విరుగుతుంది, ముక్క ఎటు ఎగిరిపడుతుందో చెప్పలేం. ఫుట్ ఎత్తుకు తగిన మందం ఉన్న అచ్చే కొనాలి. మొదటి కొన్ని నెలలు దీని జోలికి వెళ్ళకపోయినా నష్టం లేదు.

సూదీ, దారమూ, టెన్షనూ

సూది విషయంలో తేల్చడం సులువే. ఫ్రీ మోషన్‌లో బట్ట సూదిని పక్కలకు లాగుతూ ఉంటుంది. సన్నటి సూది వంగి, కుట్లు తప్పుతాయి, లేదా కింది ప్లేటుకు తగిలి విరుగుతుంది. 90/14 టాప్‌స్టిచ్ సూదితో మొదలుపెట్టండి. దాని కన్ను పెద్దది కాబట్టి దారం రాపిడికి తెగదు. బొంతలకని అమ్మే క్విల్టింగ్ సూదులూ మంచివే, వాటి కన్ను మాత్రం అంత పెద్దది కాదు. సుమారు 8 గంటల కుట్టుకు ఒకసారి మార్చేయండి. మీ మిషన్‌కి ఒకే గుండ్రటి రంధ్రం ఉన్న ప్లేటు దొరికితే బట్ట సూదితోపాటు లోపలికి దిగకుండా ఆపుతుంది. అది బిగించి ఉండగా జిగ్‌జాగ్ పెట్టారో, సూది విరిగినట్టే.

దారంలో అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 50 నంబరు నూలు దారం బొంతలో కలిసిపోతుంది, చిన్న చిన్న వంకరలను దాచేస్తుంది. 40 నంబరు పాలిస్టర్ దారం మెరుస్తుంది, గట్టిది, నూలు దారమంత పీచు రాల్చదు, కానీ ప్రతి తప్పునూ ఎత్తి చూపుతుంది. నూలు వాడితే బాబిన్ (కింది దారం చుట్టే చిన్న కండె) దగ్గర పీచు పేరుకుంటుంది, బ్రష్ దగ్గర పెట్టుకోండి. కనిపించని సన్నటి పారదర్శక దారం కూడా ఉంది. తప్పులు దాచడానికి బాగుంటుందని కొత్తవాళ్ళు దాని వైపు చూస్తారు. సాగే దారం కాబట్టి పై టెన్షన్, అంటే పై దారం బిగువు, బాగా తగ్గించాలి, నైలాన్ రకమైతే వేడి ఇస్త్రీకి కరుగుతుంది. నేర్చుకునే రోజుల్లో అనవసరమైన తలనొప్పి. సాధన గుడ్డ మీద బట్టకు ఎదురు రంగు దారం వాడండి, తప్పులు కనబడాలి. అసలు బొంత మీద బట్టలో కలిసే రంగు వాడండి. పైనా కిందా ఒకే రంగు పెడితే టెన్షన్‌లో కొద్దిపాటి తేడాలు ఎవరి కంటా పడవు.

ఇక టెన్షన్. గుండ్రంగా తిరిగే ఓ మెలిక కుట్టి, బట్టను వెనక్కి తిప్పండి. తిన్నగా వెళ్ళిన చోట కుట్టు శుభ్రంగా ఉండి, వంపు దగ్గర మాత్రం పై దారం సన్నని వెంట్రుకల్లా వరసగా పక్కకు పరుచుకుని ఉందనుకోండి. కనురెప్పల వెంట్రుకలంటారు వీటిని. చూడగానే అందరూ టెన్షన్ మీట వైపు చెయ్యి పెడతారు. చాలాసార్లు తప్పు మీటది కాదు. వంపు దగ్గర తెలియకుండానే చెయ్యి వేగం పెరుగుతుంది, కాలి వేగం మాత్రం మారదు. కుట్టు బిగిసేలోపే బట్ట పక్కకు లాగేస్తుంది. వంపులో చెయ్యి నిదానించండి, అంతే.

తిన్నటి గీతలో కూడా కింద ఉచ్చులు కనిపిస్తే పై దారం టెన్షన్ బిళ్ళల మధ్య పడలేదని అర్థం. ఫుట్ మీట ఎత్తి ఉంచి దారం మళ్ళీ ఎక్కించండి, మీట ఎత్తినప్పుడే ఆ బిళ్ళలు విడిపోయి ఉంటాయి. కింది దారం చుక్కలు చుక్కలుగా పైకి కనిపిస్తే పై టెన్షన్ ఎక్కువైంది, అర అంకె తగ్గించండి. దారం మళ్ళీ ఎక్కించడం, సూది మార్చడం, ఆ తర్వాతే టెన్షన్ మీట తిప్పడం. ఈ వరస తప్పితే ఒక తప్పును ఇంకో తప్పుతో సరిచేస్తూ పోతారు.

అడుగున దారం ఒకేసారి పిచ్చుక గూడయిపోతే ముందు చూడాల్సింది ఫుట్ మీట దించారా లేదా అని. డార్నింగ్ ఫుట్ దించినా బట్టను గట్టిగా తాకదు కాబట్టి దించలేదన్న సంగతి తెలియదు. మొదలుపెట్టేటప్పుడు ఒక్క కుట్టు వేసి కింది దారాన్ని పైకి లాగి, రెండు దారాలనూ పట్టుకుని చిన్న చిన్న కుట్లు నాలుగైదు వేసి ముందుకు సాగితే ఈ చిక్కు సగం తగ్గుతుంది.

మధ్య పొర, పొరల్ని పట్టి ఉంచడం

పలుచటి నూలు పొర, లేదా 80 శాతం నూలు 20 శాతం పాలిస్టర్ కలిసినది నేర్చుకునేవాళ్ళకు మంచిది. బట్టను పట్టుకుని ఉంటుంది, పొరలు జారవు. ఉబ్బెత్తు పాలిస్టర్ పొర మెత్తగా ఉన్నా ఫుట్ కింద ముద్దలా అడ్డుపడి పక్కలకు జారుతుంది. ఉన్ని పొర అందంగా ఉబ్బుతుంది, దాన్ని రెండో మూడో బొంతకు ఉంచుకోండి. ఏది కొన్నా, కుట్ల మధ్య ఎంత ఖాళీ వదలొచ్చో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. కొన్నిటికి 4 అంగుళాలే, కొన్నిటికి 8 నుంచి 10.

పొరల్ని పట్టి ఉంచడానికి చిన్న ముక్కలకు స్ప్రే జిగురు సులువు, కిటికీలు తెరిచి వాడండి. పెద్ద బొంతకు వంపు తిరిగిన పిన్నీసులు అరచేతి వెడల్పుకు ఒకటి చొప్పున పెట్టడం నమ్మకమైన పద్ధతి. ఫుట్ దగ్గరికొచ్చేసరికి ఒక్కోటీ తీస్తూ పోవాలి. కచ్చా కుట్లు చేతి క్విల్టింగ్‌కి మేలు. ఫ్రీ మోషన్‌లో అవి మిషన్ కుట్ల కింద చిక్కుకుపోతాయి, తర్వాత పీకలేక చస్తాం.

ఏ డిజైన్‌తో మొదలుపెట్టాలి?

కొత్తవాళ్ళకు అందరూ అప్పజెప్పేది స్టిప్లింగ్. గీత గీతను దాటకుండా, కోణం రాకుండా, మెలికలు తిరుగుతూ జాగా అంతా నింపడం. చూడ్డానికి తేలిక. కుట్టేటప్పుడు ఎటు వెళ్తే దారి మూసుకుపోతుందో రెండు మూడు మెలికల ముందే ఆలోచించాలి, ఒక మూలలో ఇరుక్కున్నామా, బయటికి రావడానికి దారి ఉండదు. మొదటి పాఠంగా ఇది తప్పుడు ఎంపిక అని నా గట్టి నమ్మకం.

దాని బదులు గీతను దాటడానికి వీలున్న డిజైన్ తీసుకోండి. ఒక మెలిక, దాని కొసన ఒక సున్నా, మళ్ళీ మెలిక, మళ్ళీ సున్నా. సున్నా చుట్టేటప్పుడు గీత తనను తాను దాటుతుంది, కాబట్టి ఎటువైపు కావాలంటే అటు తిరగొచ్చు, ఇరుక్కునే భయం లేదు. తర్వాత మెలిక మీద ఆకులు. తర్వాత సుడులు, అంటే లోపలికి చుట్టుకుంటూ వెళ్ళి పక్కనే సమానంగా బయటికి రావడం. గులకరాళ్ళ డిజైన్‌లో వేసిన గీత మీదే మళ్ళీ నడవాలి కాబట్టి చెయ్యి కుదిరాక చేయండి. ఈకల డిజైన్ అందరికీ ఇష్టమే, దానికి తొందరపడకండి.

ఏ డిజైన్ అయినా ముందు కాగితం మీద పెన్ను ఎత్తకుండా గీయండి. పెన్నుతో ఆగిపోయే చోటే మిషన్ మీదా ఆగిపోతారు. బట్ట మీద గీసుకుని కుట్టాలా, గీతల్లేకుండా కుట్టాలా అన్నదానికి నా జవాబు గీతల్లేకుండానే. గీత మీద నడవాలన్న ఆత్రంలో కళ్ళు సూది మీదే నిలిచిపోతాయి. చూడాల్సింది సూదిని కాదు, దాని ముందు వెళ్ళబోయే జాగాను.

కాలి వేగం మధ్యస్థంగా, నిలకడగా ఉంచండి. భయంతో మరీ నెమ్మదిగా తొక్కితే చెయ్యి కుదుపులు కుదుపులుగా జరుగుతుంది. మిషన్ మీద వేగం పరిమితి మీట ఉంటే సగానికి పెట్టి, కాలిని పూర్తిగా నొక్కడం అలవాటు చేసుకోండి. సూది కిందే ఆగే సదుపాయం ఉంటే అదీ పెట్టుకోండి, చేతులు సర్దుకునే లోపల బట్ట జరగదు.

మిషన్, బల్ల, మిగతా వస్తువులు

చెయ్యి మిషన్ ఒక్కటి దీనికి పనికిరాదు, ఎందుకంటే ఒక చెయ్యి చక్రం తిప్పడానికే పోతుంది. కాలితో తొక్కే పాత నల్ల మిషన్లు, తిన్న కుట్టు మాత్రమే వేసేవైనా, ఈ పనికి బాగానే వస్తాయి. పళ్ళ సంగతి చూసుకుని, సరిపోయే డార్నింగ్ ఫుట్ దొరికితే చాలు. ఎలక్ట్రిక్ మిషనే కావాలన్న నియమమేం లేదు.

ఇంటి మిషన్లకు సూదికీ కుడివైపు స్తంభానికీ మధ్య సాధారణంగా 6, 7 అంగుళాల జాగా ఉంటుంది. క్విల్టింగ్ కోసమని అమ్మే పెద్ద మిషన్లకు 9 నుంచి 11, అంతకంటే ఎక్కువ కూడా. తేడా నిజమే. కానీ ఇరుకుతనం అనిపించే దాంట్లో ఎక్కువ భాగం జాగా లేక కాదు, బొంత బరువు వల్ల. బల్ల అంచు నుంచి కిందికి వేలాడే బొంత చేతుల్ని వెనక్కి లాగుతుంది, కుట్టు చిన్నదైపోతుంది, మెడ పట్టేస్తుంది. మిషన్‌కి ఎడమవైపూ వెనకా మరో బల్ల జరిపి, బొంత ఎక్కడా వేలాడకుండా చూసుకోండి. మిషన్ మట్టానికి సమానంగా ఉండే ఎక్స్‌టెన్షన్ టేబుల్ ఉంటే ఇంకా మంచిది. డబ్బు పెట్టదలిస్తే మిషన్ కంటే ముందు ఇక్కడ పెట్టండి.

వేళ్ళ కొసలకు రబ్బరు పూత ఉన్న తొడుగులు బట్టను గట్టిగా నొక్కకుండానే పట్టు ఇస్తాయి. నోట్లు లెక్కపెట్టేవాళ్ళు వేళ్ళకు పెట్టుకునే రబ్బరు తొడుగులతోనూ పని జరుగుతుంది. మిషన్ మీద పరిచే నున్నటి టెఫ్లాన్ షీట్ కూడా మంచిదే, కాకపోతే అంచులు సరిగా అంటించకపోతే అది జరిగి బొంతతో కలిసి కుట్టుకుపోతుంది.

స్టిచ్ రెగ్యులేటర్ అనే పరికరం బట్ట ఎంత వేగంగా జరుగుతోందో సెన్సర్‌తో చూసి, సూది వేగాన్ని దానికి తగ్గట్టు మారుస్తుంది. బెర్నినా కంపెనీ బీఎస్ఆర్ ఇలాంటిదే. కుట్లు సమానంగా వస్తాయన్నది నిజం, డిజైన్ సరిగా వస్తుందన్న హామీ లేదు. చెయ్యి కుదిరినవాళ్ళకు అది అక్కర్లేదు. చేతుల నొప్పి వల్లనో, సాధనకు తీరిక లేకనో దాన్ని ఎంచుకునేవాళ్ళను తప్పుపట్టను.

అన్నీ సర్దుకున్నా పడక దుప్పటంత బొంత మీ మిషన్‌లో ఇమడడం లేదంటే, కొత్త మిషన్ కొనేముందు బొంతను భాగాలుగా కుట్టే పద్ధతి చూడండి. ఒక్కో చతురస్రాన్ని మూడు పొరలతో విడిగా క్విల్టింగ్ చేసి, అంచుల దగ్గర అర అంగుళానికి పైగా కుట్టకుండా వదలాలి. తర్వాత పై బట్టలను మిషన్ మీద కలిపి, దూది పొరల్ని ఒకదానికొకటి ఆనేలా కత్తిరించి, అడుగు బట్ట అంచు మడిచి చేత్తో కుట్టేయాలి. వెనక అతుకులు కనిపిస్తాయి. అది ఫర్వాలేదనుకుంటే పెద్ద మిషన్ ఆలోచన పక్కన పెట్టేయొచ్చు. వెనక వైపు కూడా ఒకే బట్టగా ఉండాలనిపిస్తే, అప్పుడు పెద్ద జాగా ఉన్న మిషన్ కోసం చూడండి.